కడుపులో పుండు: నేరం మిరపకాయదేనా?

మీది మహబూబాబాద్ జిల్లా అయితే ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. ఎండలు ముదిరే వేళకు కల్లాల నిండా ఎర్రటి మిర్చి పరుచుకుని ఉంటుంది. గాలి కాస్త వీస్తే చాలు, దారిన పోయేవాడు తుమ్ముతాడు. కాయ ఏరిన చేతులు రాత్రంతా మండుతూనే ఉంటాయి. పై చర్మాన్నే అంతగా మండించేది కడుపులోకి పోతే ఇంకెంత పని చేస్తుందో కదా! అందుకే ఎవరికైనా కడుపులో పుండు అనగానే ఊరంతా ఒకే తీర్పు చెబుతుంది: "కారం మస్తుగా తిన్నడు, పుండు పడ్డది."

భూపాలపల్లి బొగ్గు గనుల వైపు అడిగి చూడండి. "మూడు షిఫ్టుల డ్యూటీ, వేళకు తిండి లేదు, అందుకే అల్సర్" అంటారు. జనగామ బజారులో అడగండి. "అప్పుల చింత. అంతా మనసులో పెట్టుకుని కుమిలిపోయాడు" అంటారు. మన భాష కూడా ఈ మాటనే బలపరుస్తుంది. ఓర్వలేనితనాన్ని 'కడుపుమంట' అంటాం. కోపం పట్టలేనప్పుడు 'కడుపు రగిలిపోతున్నది' అంటాం. మనసులోని బాధ కడుపులో మంటగా తేలుతుందని మనవాళ్ళు ఎప్పుడో అనుకున్నారు.

కారం, ఆకలి, చింత. ఈ ముగ్గురి మీదా చాలాకాలంగా నేరం మోపుతూ వచ్చారు. మామూలు జనమే కాదు, పెద్ద పెద్ద వైద్యులు కూడా 1980ల దాకా ఇంచుమించు ఇదే మాట అన్నారు. మరి అసలు దోషులు ఎవరు? వాళ్ళు ఎలా పట్టుబడ్డారు? తెలుసుకుంటే ఏం లాభం అంటారా? దోషిని తప్పుగా పట్టుకుంటే రోగికి పథ్యం మిగులుతుంది, రోగమూ మిగులుతుంది. అందుకని ఈ విచారణ మనం కూడా ఒకసారి చేసి చూద్దాం.

బోటి అరుగుతుంది, మన కడుపు అరగదేం?

పండగనాడు బోటి కూర తిన్నవాళ్ళు ఈ ప్రశ్నకు జవాబు చెప్పండి. బోటి అంటే మేక కడుపూ పేగులే కదా. దాన్ని తింటే కొన్ని గంటల్లో మన జీర్ణాశయం మెత్తటి గుజ్జుగా మార్చి కిందికి పంపేస్తుంది. మేక కడుపూ మాంసమే, మన కడుపూ మాంసమే. మేక కడుపును అరిగించిన రసం మన కడుపును ఎందుకు అరిగించదు?

ముందు ఆ రసం ఎలాంటిదో చూడండి. జీర్ణాశయం గోడలోని గ్రంథులు రోజుకు సుమారు రెండు లీటర్ల జఠరరసాన్ని ఊరిస్తాయి. అందులో ముఖ్యమైనవి రెండు. ఒకటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం. మీ బడి ప్రయోగశాలలో సీసాలో పెట్టి, జాగ్రత్తగా తీయమని టీచరు హెచ్చరించేది ఈ ఆమ్లమే. కడుపులో ఉన్నది ఇదేనని 1824లో ఇంగ్లండులో విలియం ప్రౌట్ అనే వైద్యుడు ప్రకటించాడు. రెండోది పెప్సిన్ అనే ఎంజైము. మాంసకృత్తులను ముక్కలుగా కోయడం దాని పని. ఈ రెండూ కలిస్తే మాంసం నిలవదు.

అయినా మన కడుపు నిలుస్తున్నదంటే, దానికి ఏదో కాపుదల ఉండాలి. ఉంది. గోడ లోపలివైపు అంతా ఒక జిగురు పొర అలికినట్టు ఉంటుంది. ఆ జిగురులో బైకార్బొనేట్ అనే క్షారం కలిసి ఉంటుంది. ఆమ్లం ఈ పొరలోకి దిగేకొద్దీ దాని తీవ్రత విరిగిపోతుంది. జిగురు కింద కణాలు సందు లేకుండా పేర్చినట్టు ఉంటాయి. అవి కూడా కొద్దిరోజులకే రాలిపోయి, వాటి చోట కొత్తవి వస్తాయి. గోడకు ఎడతెగకుండా రక్తం అందుతుంటుంది గనుక ఈ మరమ్మతు ఎక్కడా ఆగదు.

మన ప్రాంతంలో కాకతీయుల కాలం నాటి చెరువులు ఎన్నో ఉన్నాయి కదా. చెరువు నిండా నీళ్ళున్నంత మాత్రాన కట్ట తెగదు. కట్టలో ఎండ్రకాయలు బొరియలు చేసినా, మట్టి కోసుకుపోయినా, ఏళ్ళ తరబడి మరమ్మతు లేకపోయినా అప్పుడు తెగుతుంది. కడుపు సంగతీ అంతే. ఆమ్లం నీళ్ళయితే, ఆ జిగురూ కణాలూ రక్తమూ కలిసి కట్ట. కట్టకు పడిన గండి పేరే పుండు.

గండి ఎక్కడ పడుతుంది?

ఇలాంటి పుండు ముఖ్యంగా రెండు చోట్ల పడుతుంది. ఒకటి జీర్ణాశయంలో, రెండోది దాన్ని దాటగానే చిన్నప్రేవు మొదటి భాగమైన ఆంత్రమూలంలో. రెంటినీ కలిపి 'పెప్టిక్ అల్సర్' అంటారు. పైపొర గీసుకుపోతే దాన్ని పుండు అనరు. లోపలి పొర పూర్తిగా తెగి, కింది పొరల దాకా గుంట పడితేనే పుండు.

బొడ్డుకు పైన, రొమ్ము ఎముక కింద మంట, నొప్పి దీని ముఖ్య లక్షణాలు. ఆంత్రమూలంలో పుండు ఉన్న చాలామందికి కడుపు ఖాళీగా ఉన్నప్పుడు, ఒక్కోసారి అర్ధరాత్రి దాటాక నొప్పి లేస్తుంది. నాలుగు ముద్దలు తింటే తగ్గుతుంది. జీర్ణాశయంలో పుండైతే తిన్న తర్వాత నొప్పి ఎక్కువ కావచ్చు. తిండికీ ఈ నొప్పికీ సంబంధం ఉందని మన పూర్వపు వైద్యులు కూడా గమనించారు. అన్నం అరిగే వేళకు వచ్చే నొప్పికి ఆయుర్వేదంలో 'పరిణామ శూల' అని పేరు.

అన్నవాహిక పొడుగునా కనిపించే పుండ్లన్నీ ఒక్కటేనని మాత్రం అనుకోకండి. నోటిపూత వేరు. దానికి ఒక్కోసారి ఇనుము, బి12, ఫోలిక్ ఆమ్లం వంటివి చాలకపోవడం కారణమవుతుంది. టైఫాయిడ్ జ్వరంలో చిన్నప్రేవు చివరి భాగంలో పుండ్లు పడతాయి. అమీబా వల్ల పెద్దప్రేవులో పుండ్లు పడి జిగట విరేచనాలు అవుతాయి. క్షయ కూడా పేగులకు పుండ్లు చేయగలదు. ఒక్కోదానికి ఒక్కో కారణం, ఒక్కో వైద్యం. మనం ఇక్కడ విచారిస్తున్నది పెప్టిక్ అల్సర్‌ను మాత్రమే.

మొదటి అనుమానం ఆమ్లం మీద

1910లో కార్ల్ ష్వార్ట్జ్ అనే వైద్యుడు 'ఆమ్లం లేకపోతే పుండు లేదు' అని సూత్రం చెప్పాడు. వైద్యులంతా దాన్నే పట్టుకున్నారు. ఆమ్లం తగ్గించాలని గంటగంటకూ పాలు పట్టించారు. సుద్దపొడి వంటి క్షారాలు మింగించారు. అప్పటికీ తగ్గకపోతే శస్త్రచికిత్స చేసి కడుపులో కొంత భాగాన్నే కోసి తీసేశారు. ఆమ్లాన్ని ఊరించమని కబురు తెచ్చే నరాన్ని తెంపారు.

ఆ రోజుల్లో దక్షిణ భారతదేశం ఈ పుండ్లకు పేరుపడింది. 1922, 1924 సంవత్సరాల ఎవరెస్టు యాత్రల్లో పాల్గొన్న హోవర్డ్ సోమర్వెల్ అనే ఇంగ్లీషు సర్జను, ఆ తర్వాత తిరువాన్కూరు సంస్థానంలోని నెయ్యూరు ఆసుపత్రిలో స్థిరపడ్డాడు. అక్కడ ఆయన కోసిన కడుపుల్లో ఆంత్రమూలం పుండ్లు చాలా ఎక్కువ. 1964లో ఎస్. ఎల్. మల్హోత్రా అనే రైల్వే వైద్యుడు మన దేశంలో ఈ రోగం ఎక్కడెక్కడ ఎంత ఉందో పోల్చి చూశాడు. గోధుమ తినే ఉత్తరాదిలో కంటే అన్నం తినే దక్షిణాదిలో పుండ్లు హెచ్చని ఆయనకు తేలింది. రొట్టెను బాగా నమలాలి, నమిలినకొద్దీ లాలాజలం ఊరుతుంది, పులుసన్నం నమలకుండానే జారిపోతుంది, తేడా అందులోనే ఉందని ఆయన వాదించాడు. ఆ వాదనలో ఎంత నిజం ఉందన్నది ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. తిండికి కూడా ఇందులో కొంత పాత్ర ఉండవచ్చు.

ఈలోగా మందులు మెరుగయ్యాయి. జేమ్స్ బ్లాక్ అనే శాస్త్రజ్ఞుడి కృషి వల్ల 1976లో సిమెటిడిన్ అనే మందు బజారుకు వచ్చింది. ఆమ్లం ఊరకుండా ఇది అడ్డుపడుతుంది. 1988లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. సరిగ్గా ఆ ఏడే స్వీడన్ నుంచి ఒమెప్రజోల్ అనే ఇంకా బలమైన మందు వచ్చింది. దీన్ని మన దేశంలో సామాన్యులకు అందుబాటులోకి తెచ్చినవారిలో గుంటూరు జిల్లా తాడేపల్లిలో పుట్టిన కల్లం అంజిరెడ్డి ఒకరు. ఆయన 1984లో హైదరాబాద్‌లో స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ 1990ల ఆరంభంలో 'ఒమెజ్' పేరుతో ఈ మందును అమ్మకానికి తెచ్చింది. ఆ పేరు మీ ఇంట్లో కూడా వినే ఉంటారు.

ఈ మందులు వాడితే పుండు మానేది. మందు ఆపితే మాత్రం, చాలామందికి ఏడాది తిరగకుండానే మళ్ళీ లేచేది. చూశారా! నీళ్ళు తోడేసినంతకాలం గండి కనపడదు. కట్టను బొరియలు చేసేది మాత్రం ఇంకా కట్టలోనే ఉంది.

సెలవుల్లో పట్టుబడ్డ దొంగ

ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్ అనే వైద్యుడు ఉండేవాడు. రోగుల కడుపు నుంచి తీసిన చిన్న చిన్న ముక్కల్ని మైక్రోస్కోపు కింద చూడడం ఆయన ఉద్యోగం. 1979లో ఒక ముక్క మీద ఆయనకు మెలి తిరిగిన సన్నటి బాక్టీరియాలు గుంపులుగా కనిపించాయి. కడుపులో అంత ఆమ్లం ఉండగా బాక్టీరియా ఎలా బతుకుతుంది? బతకలేదనే అప్పటి పుస్తకాలన్నీ చెబుతున్నాయి. తోటివారు ఆయన మాటను పెద్దగా పట్టించుకోలేదు. ఆయన మాత్రం చూడడం మానలేదు. వాపు ఉన్న కడుపుల్లో అవి పదేపదే కనిపిస్తూనే వచ్చాయి.

1981లో బారీ మార్షల్ అనే యువ వైద్యుడు ఆయనతో కలిశాడు. ఆ బాక్టీరియాను బయట పెంచి చూపితే తప్ప ఎవరూ నమ్మరు. రోగుల నుంచి తీసిన ముక్కల్ని పోషక పదార్థం ఉన్న గాజు పళ్ళేల్లో పెట్టారు. రెండు రోజులు చూసి, ఏమీ మొలవకపోతే పారేయడం ప్రయోగశాలలో మామూలు. అలా ముప్పైకి పైగా ప్రయత్నాలు వృథా అయ్యాయి. 1982 ఏప్రిల్‌లో ఈస్టరు సెలవులు వచ్చాయి. పళ్ళేలు పారేసేవారు లేక అయిదు రోజులు అలాగే ఉండిపోయాయి. సెలవుల తర్వాత వచ్చి చూస్తే బాక్టీరియా మొలిచి ఉంది! అది నిదానంగా పెరిగే రకం. రెండు రోజులు దానికి చాలలేదు, అంతే.

అయినా వైద్య లోకం నమ్మలేదు. 'పుండు ఉన్నచోట ఆ పురుగు చేరి ఉండవచ్చు. పురుగు వల్లనే రోగం వచ్చిందని రుజువేది?' అన్నారు. అది న్యాయమైన ప్రశ్నే. ఒక సూక్ష్మజీవి ఫలానా రోగానికి కారణం అనాలంటే, ఆరోగ్యంగా ఉన్న ప్రాణికి దాన్ని ఎక్కించి రోగం తెప్పించి చూపాలి. క్షయ క్రిమిని కనుగొన్న రాబర్ట్ కోచ్ కాలం నుంచి ఉన్న నియమం ఇది. జంతువుల మీద మార్షల్ చేసిన ప్రయత్నాలు ఫలించలేదు. చివరికి 1984లో ఆయనే ఆ బాక్టీరియా కలిపిన ద్రవాన్ని గ్లాసుడు తాగేశాడు. కొద్దిరోజుల్లో వాంతులు పట్టుకున్నాయి, నోరు దుర్వాసన కొట్టింది. పదో రోజున కడుపులోకి గొట్టం పంపి చూస్తే లోపలి పొర వాచి ఉంది, దాని నిండా ఆ బాక్టీరియాలే. ఆయనకు వచ్చింది పుండు కాదు, పుండుకు ముందు మెట్టయిన వాపు. ఆరోగ్యమైన కడుపును ఈ క్రిమి పాడు చేయగలదని మాత్రం రుజువైంది. (ఇలాంటి సాహసాలు మీరు చేయకూడదని వేరే చెప్పాలా?)

ఆ బాక్టీరియాకు 1989లో 'హెలికోబాక్టర్ పైలోరి' అని పేరు స్థిరపడింది. 1994లో అమెరికా వైద్య నిపుణుల మండలి ఒకటి, ఈ క్రిమి ఉన్న అల్సర్ రోగులకు యాంటిబయాటిక్ మందులు ఇవ్వాలని చెప్పింది. వారెన్, మార్షల్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది.

పసుపు, పుచ్చగింజలు, యూరియా

ఆమ్లంలో అది ఎలా బతుకుతున్నది? ఈ కిటుకును మీరు మీ సైన్సు టీచరు దగ్గర చేసి చూడవచ్చు.

పసుపును నీళ్ళలో కలిపి తెల్ల కాగితానికి పూసి ఆరబెట్టండి. పసుపుకు సున్నం తగిలితే ఎర్రని పారాణి అవుతుంది కదా! క్షారం ఏది తగిలినా పసుపు ఎర్రబడుతుంది. ఇప్పుడు ఎండిన పచ్చి పుచ్చగింజలు ఇరవై తీసుకోండి. వేయించినవి పనికిరావు. వాటిని నూరి, కొద్ది నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి వడకట్టండి. ఆ నీటిని రెండు భాగాలు చేసి, ఒక భాగాన్ని బాగా మరగబెట్టి చల్లార్చండి. పొలానికి వేసే యూరియా చిటికెడు తీసుకుని రెండు పరీక్షనాళికల్లో నీళ్ళలో కరిగించండి. ఒకదానిలో పచ్చి గింజల నీరు, రెండో దానిలో మరిగించిన నీరు పోయండి. అరగంట తర్వాత పసుపు కాగితం ముంచి చూడండి. మొదటి దానిలో కాగితం ఎర్రబడుతుంది. రెండో దానిలో పసుపుగానే ఉంటుంది. దేన్నీ రుచి చూడకండి. వంటింటి గ్లాసులు వాడకండి. పని అయ్యాక చేతులు కడుక్కోండి.

ఏం జరిగింది? పుచ్చగింజలో 'యూరియేజ్' అనే ఎంజైము ఉంది. అది యూరియాను విరగ్గొట్టి అమ్మోనియాగా మారుస్తుంది. అమ్మోనియా క్షారం గనుక పసుపు ఎర్రబడింది. మరిగిస్తే ఎంజైము చెడిపోతుంది, అందుకే రెండో నాళికలో ఏమీ జరగలేదు. ప్రపంచంలో మొట్టమొదట స్ఫటికంగా వేరుచేసిన ఎంజైము కూడా ఇదే. 1926లో అమెరికాలో జేమ్స్ సమ్నర్ దీన్ని చమ్మకాయ జాతి గింజ నుంచి తీశాడు.

హెలికోబాక్టర్ దగ్గర ఈ యూరియేజ్ బోలెడంత ఉంది. మన ఒంట్లో సహజంగా ఉండే యూరియా కొంత కడుపులోకి కూడా ఊరుతుంది. క్రిమి దాన్ని విరగ్గొట్టి, తన చుట్టూ అమ్మోనియా కవచం కట్టుకుంటుంది. ఆ కవచంతో ఆమ్లాన్ని దాటి, వెనక ఉన్న సన్నటి తోకలతో ఈదుకుంటూ జిగురు పొరలోకి దూరి కూర్చుంటుంది. అక్కడి నుంచి కణాలకు వాపు తెప్పిస్తుంది. కట్ట బలహీనపడుతుంది. ఆ తర్వాతి పని ఆమ్లం చూసుకుంటుంది.

దొంగను దాని కవచమే పట్టిస్తుంది. ఎండోస్కోపీలో తీసిన చిన్న ముక్కను యూరియా ఉన్న పసుపుపచ్చని జెల్లీలో వేస్తారు. క్రిమి ఉంటే అమ్మోనియా పుట్టి జెల్లీ ఎర్రబడుతుంది. మీరు చేసిన ప్రయోగమే ఇది! ఊపిరి పరీక్ష, మలం పరీక్ష ద్వారా కూడా క్రిమిని కనిపెట్టవచ్చు.

ఈ క్రిమి మనకు కొత్త చుట్టం కాదు. మానవులు ఆఫ్రికా నుంచి బయలుదేరినప్పుడే, అంటే సుమారు 58,000 ఏళ్ళ కిందటే, వాళ్ళ కడుపుల్లో ఇది ఉందని జన్యు పరిశోధనలు చెబుతున్నాయి. హైదరాబాద్‌లోని డిఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రంలో నియాజ్ అహ్మద్ బృందం మన దేశపు రోగుల నుంచి సేకరించిన క్రిముల జన్యువులను పరిశీలించింది. వీటికీ యూరపు క్రిములకూ మూలం ఒకటేనని 2007లో ప్రకటించింది. మనుషుల వలసల చరిత్ర కడుపులోని క్రిమిలో కూడా రాసి ఉన్నదన్నమాట!

ఇది ఎక్కువగా చిన్నతనంలోనే, ఇంట్లో వాళ్ళ నుంచి, కలుషితమైన నీటి నుంచి, శుభ్రం లేని చేతుల నుంచి అంటుకుంటుంది. ప్రపంచ జనాభాలో దాదాపు సగం మంది కడుపుల్లో ఇది ఉన్నదని అంచనా. అయితే అందరికీ పుండ్లు రావు. చాలామందికి అది ఉన్నట్టే తెలియదు. దీర్ఘకాలం ఉంటే కొందరిలో కడుపు కాన్సరుకు దారితీయవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన విభాగం 1994లోనే దీన్ని కాన్సరు కారకాల జాబితాలో చేర్చింది.

రెండో దోషి మన జేబులోనే

క్రిమి లేనివాళ్ళకు కూడా పుండ్లు వస్తున్నాయి. ఎందుకు? దీనికి జవాబు మిర్చి తోటలోనే దొరుకుతుంది. అయితే మిరపకాయలో కాదు.

పొద్దంతా నడుము వంచి కాయ ఏరిన కూలీకి రాత్రికి ఒళ్ళంతా నొప్పులు. పత్తి ఏరినా అంతే, గనిలో పనిచేసినా అంతే. తెల్లవారితే మళ్ళీ పనికి పోవాలి. దుకాణంలోనో, ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గరో ఒక నొప్పుల గోలీ తీసుకుని వేసుకుంటారు. నొప్పి తగ్గుతుంది. మర్నాడు మళ్ళీ ఒకటి. ఇలా నెలల తరబడి సాగుతుంది. ఆస్పిరిన్, డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటివి ఈ కోవకు చెందిన మందులు.

ఇవి నొప్పిని ఎలా తగ్గిస్తాయో 1971లో ఇంగ్లండులో జాన్ వేన్ కనుగొన్నాడు. 1982లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు. మన శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారవుతుంటాయి. దెబ్బ తగిలినచోట ఇవే వాపునూ నొప్పినీ తెస్తాయి. గోలీ వాటి తయారీని ఆపేస్తుంది. చిక్కెక్కడంటే, కడుపులో జిగురు ఊరించమనీ, గోడకు రక్తం పంపమనీ చెప్పేవి కూడా ప్రోస్టాగ్లాండిన్లే. మోకాలి నొప్పికి వేసుకున్న గోలీ మోకాలి దగ్గరే ఆగదు. కడుపు కట్టకు జరిగే మరమ్మతును కూడా ఆపేస్తుంది. సూది ద్వారా ఇచ్చినా ఈ ప్రమాదం తప్పదు, ఎందుకంటే మందు రక్తంలో కలిసి కడుపు గోడకు కూడా చేరుతుంది. (పారాసిటమాల్ ఈ కోవలోది కాదు. దాన్ని కూడా డాక్టరు చెప్పిన మోతాదులోనే వాడాలి.)

మిరపకాయకు విడుదల

ఇక మిరపకాయ సంగతి. 1988లో అమెరికాలో డేవిడ్ గ్రాహం అనే వైద్యుడు పన్నెండుమంది ఆరోగ్యవంతుల మీద పరీక్ష చేశాడు. వాళ్ళకు ఒకసారి చప్పటి భోజనం, ఒకసారి కారపు భోజనం, ఒకసారి చప్పటి భోజనంతోపాటు ఆస్పిరిన్ ఇచ్చాడు. మర్నాడు ఎండోస్కోపుతో కడుపులు చూశాడు. ఆస్పిరిన్ తీసుకున్నప్పుడు లోపలి పొర మీద గాయాలు కనిపించాయి. కారపు భోజనం తర్వాత ఆ గాయాలు లేవు. అంతటితో ఆగక, ముప్పై గ్రాముల మిరపకాయల్ని నూరి గొట్టం ద్వారా నేరుగా కడుపులోనే పోయించాడు. అప్పటికీ చెప్పుకోదగ్గ గాయం కనిపించలేదు!

మరి ఆ మంట సంగతేమిటి? మిరపలోని కాప్సైసిన్, వేడి తగిలినప్పుడు కబురు పంపే నరాలను తట్టిలేపుతుంది. 1997లో డేవిడ్ జూలియస్ బృందం ఆ నరాల తలుపును కనుగొంది, 2021లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. నిప్పు లేకుండానే నిప్పు తగిలిందని నరం చెప్పే అబద్ధమే కారం. మంట నిజమే, కాలడం మాత్రం లేదు. అయితే అప్పటికే పుండు ఉన్నవాళ్ళకు కారం బాధ పెంచవచ్చు. వాళ్ళు తగ్గించుకోవడం మంచిదే. పుండు చేసింది మాత్రం అది కాదు.

ఆకలీ చింతా కూడా ఇలాంటివే. వేళ తప్పితే నొప్పి ఎక్కువ కావచ్చు, చింత వల్ల బాధ హెచ్చవచ్చు. గనిలో షిఫ్టు డ్యూటీ చేసిన ప్రతివాడికీ పుండు పడదు. పెద్ద కాలిన గాయాలు, ప్రాణం మీదికి వచ్చిన జబ్బుల్లో కడుపులో పుండ్లు పడడం నిజమే, అది వేరే సంగతి. బీడీ, సారా మాత్రం నిర్దోషులు కావు. పొగ తాగేవాళ్ళకు పుండు త్వరగా మానదు, మళ్ళీ మళ్ళీ వస్తుంది.

మీ ఇంట్లో మీరు చేయగలిగింది

ఇదంతా చదివాక మీ ఇంట్లో ఒకసారి చుట్టూ చూడండి. ఏళ్ళ తరబడి కడుపునొప్పితో పచ్చడి మెతుకు మానేసి చప్పిడి తింటున్నవాళ్ళు ఉన్నారా? రోజూ నొప్పుల గోలీ వేసుకునే తాత ఉన్నాడా? ఉంటే, "ఒకసారి డాక్టరుతో చెప్పి పరీక్ష చేయిద్దాం" అనండి. హెలికోబాక్టర్ ఉన్నదని తేలితే, ఆమ్లం తగ్గించే మందుతోపాటు రెండు మూడు రకాల క్రిమిసంహారక మందులు పది నుంచి పద్నాలుగు రోజులు ఇస్తారు. ఆ మందుల్లో టెట్రాసైక్లిన్ ఒకటి. ఆ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్, భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించిన కాలంలోనే, 1948లో వెలువడింది.

నాలుగు రోజులకు నొప్పి తగ్గిందని మందు ఆపనివ్వకండి. చావగా మిగిలిన క్రిములు మందుకు లొంగని రకాలుగా తయారవుతాయి. మన దేశంలో మెట్రోనిడజోల్ అనే మందుకు లొంగని హెలికోబాక్టర్ ఇప్పటికే చాలా ఎక్కువగా ఉంది. గోలీలు వాడక తప్పనివాళ్ళకు కడుపును కాపాడే మందు కలిపి ఇస్తారు. ఆ సంగతి డాక్టరునే అడగమనండి.

కొన్ని గుర్తులు కనపడితే ఒక్క పూట కూడా ఆగకూడదు. మలం తారులాగా నల్లగా, జిగటగా ఉండడం. వాంతిలో రక్తం గానీ, కాఫీపొడి వంటి పదార్థం గానీ పడడం. ఉన్నట్టుండి కత్తితో పొడిచినట్టు నొప్పి లేచి కడుపు బల్లలా గట్టిపడడం. పుండు నుంచి రక్తం కారుతున్నదనో, గోడకు రంధ్రమే పడిందనో వీటికి అర్థం. వెంటనే 108కి ఫోను చేయాలి. ఇంకో సంగతి. పుండు నుంచి రక్తం చుక్కచుక్కగా నెలల తరబడి కారితే నొప్పి లేకపోయినా రక్తహీనత వస్తుంది. కారణం తెలియని నీరసాన్ని 'పని ఎక్కువై' అని కొట్టిపారేయకూడదు.

పూర్వం మీ మూడు జిల్లాల వాళ్ళు పెద్ద వైద్యానికి వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రికి పోవలసి వచ్చేది. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. అడిగేవాళ్ళు ఉంటే చెప్పే డాక్టర్లు ఇప్పుడు దగ్గరలోనే ఉన్నారు.

మీ వంతు పని ఇంకొకటి ఉంది. అన్నానికి ముందు, దొడ్డికి వెళ్ళివచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోండి. తాగే నీరు శుభ్రంగా ఉండేటట్టు చూడండి. ఇంట్లో చంటిపిల్లలుంటే, పెద్దవాళ్ళు నమిలి వాళ్ళ నోట్లో పెట్టకుండా చూడండి. ఈ క్రిమి అంటుకునేది ఎక్కువగా ఆ వయసులోనే అని చెప్పుకున్నాం కదా.

మరి ఈసారి ఎవరైనా "కారం తిని పుండు తెచ్చుకున్నాడు" అంటే మీరేం చెబుతారు? "పరీక్ష చేయించారా? నొప్పుల గోలీలు వేసుకుంటున్నారా?" అని అడగండి.